గంధం బొట్టు పెట్టిన డిస్కు

ముప్పై ఏడేళ్ళ వయసులో నేను మళ్ళీ కాలేజీలో చేరాను. చేరింది మా ఆయన పాఠాలు చెప్పే నందిగామ డిగ్రీ కాలేజీలోనే, ఆయన చెప్పే కంప్యూటర్ డిప్లొమాలోనే. రోజూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో తిరిగి రావడం చూసి జగ్గయ్యపేటలో మా వీధి వీధంతా రకరకాల కారణాలు ఊహించింది. పక్కింటి నాగేంద్రమ్మ గారికి ఊహించే ఓపిక లేక సూటిగా అడిగేశారు.

"ఏమ్మా కనకవల్లీ, ఆయన మీద ఏమన్నా అనుమానమా?"

"అబ్బే, అనుమానం అని కాదండీ. ఓ కన్నేసి ఉంచడం మంచిది కదా అని."

ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయారు. నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. మా ఇంట్లో పనిచేస్తున్న కళ్ళు రెండే, అవి నావి.

మా ఆయన ఉమాకాంతానికి అప్పటికి పదేళ్ళుగా షుగరు. 2004 వేసవిలో రెండు కళ్ళ వెనక పొరల్లోనూ నెత్తురు చిమ్మింది. విజయవాడ తీసుకెళ్ళి రెండుసార్లు లేజరు చేయించాం. ఆ తర్వాత మిగిలిందేమిటంటే, చూపు అంచుల్లో మనుషులూ గోడలూ బస్సులూ ఉంటాయి. నడిమధ్యన మాత్రం పొయ్యిలో తడికట్టె పెట్టినట్టు ఒకటే పొగ. నడవగలరు, కాఫీ గ్లాసు అందుకోగలరు, ఎదురుగా నిలబడ్డ మనిషి లావో సన్నమో చెప్పగలరు. అక్షరం మాత్రం ఎంత పెద్దదైనా చదవలేరు. ఇంతకన్నా పాడవకుండా కాపాడుకోవడమే మనం చేయగలిగింది అన్నారు డాక్టరు గారు.

కాలేజీ ప్రైవేటుది. చూపు లేని కంప్యూటర్ లెక్చరర్ని ఉంచుకునే కాలేజీ ఒకటుందని నేనైతే వినలేదు. ఈయనకి నలభై మూడేళ్ళు. పాఠం చెప్పడం, కంప్యూటర్లు బాగుచేయడం తప్ప మరో విద్య రాదు. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా నేనే కొట్టాలి. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, "ఎవరికీ చెప్పొద్దు వల్లీ" అన్నారు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన నన్ను ఒకటి అడగడం అదే మొదటిసారనుకుంటా, అంతకుముందువన్నీ చెప్పడాలే. అడిగారు కాబట్టి ఒప్పుకున్నాను.

ఉపాయం నాది. డిప్లొమాలో చేరి ల్యాబులో ఆయన పక్క కుర్చీలో కూర్చోవడం, తెర మీద ఏం కనపడితే అది పైకి చదవడం. "నాకు పైకి చదివితేనే బుర్రకెక్కుతుందండీ, చిన్నప్పటినుంచీ అంతే" అని మొదటిరోజే అందరికీ వినపడేలా చెప్పేశాను. లెక్కల లెక్చరర్ కమలాకుమారి గారు మా ల్యాబు పక్కగదిలోనే కూర్చునేవారు. ఆవిడకి నేను పెద్ద కాలక్షేపం.

"మేడమ్, ఇవాళ ఎన్నో ఎక్కం వరకూ వచ్చారు?" అని అడిగేవారు.

"పన్నెండోది అండీ. పదమూడు మీరు అప్పజెప్పించుకుంటారా?" అనేదాన్ని.

స్టాఫ్ రూములో నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వినంతసేపూ మా ఆయన ఉద్యోగం భద్రంగా ఉన్నట్టే లెక్క. అందుకని ఇంకొంచెం గట్టిగా చదివేదాన్ని. జవాబు పత్రాలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. వంటింటి గుమ్మంలో కూర్చుని నేను చదివితే ఆయన మార్కులు చెప్పేవారు. ఒక్క అక్షరం మార్చి చదివిన పాపాన పోలేదు. ఓసారి ఒక అమ్మాయి ముత్యాల్లాంటి దస్తూరీతో అంతా తప్పు రాసింది. మార్చి చదవాలని ఎంత ఇదిగా అనిపించినా చదవలేదు.

ల్యాబులో ముప్పై కంప్యూటర్లు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక సర్వరు. అది కళ్ళు తెరిస్తేనే మిగతావి నోరు విప్పుతాయి. దాన్ని నడిపించే ప్రోగ్రాముగా మా ఆయన లినక్స్ వేసేవారు, అదీ మినిమల్. అంటే రంగులుండవు, బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. "మెషీను పాతది సార్, ఎక్కువ మోయలేదు. అవసరమైనదే పెడదాం" అని ప్రిన్సిపాల్ వరప్రసాదరావు గారికి చెప్పేవారు. అదీ నిజమే. ఇంకో నిజం ఏమిటంటే, మౌసు బాణం తెర మీద ఎక్కడ తిరుగుతోందో ఆయనకి కనపడదు. కీబోర్డయితే వేళ్ళ లెక్క. డిస్కు పెట్టిన దగ్గర్నుంచి పని పూర్తయ్యేదాకా ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో, ఏ తెరలో ఎన్ని ట్యాబులు కొట్టాలో, ఎక్కడ స్పేసో, ఎక్కడ ఎంటరో మొత్తం బట్టీ పట్టారు. నేను కంచంలో అన్నం పెడుతుంటే ఎడమచేతి వేళ్ళు బల్ల మీద టకటకా ఆడుతుండేవి.

"ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగేదాన్ని.

"టైమ్ జోన్ దగ్గర. మన టైముకి కలకత్తా ఎంచుకోవాలి."

"కలకత్తా దాటాక చారు వేసుకోండి."

అలా ఏడాదిన్నర నెట్టుకొచ్చాం.

2005 దసరా సెలవులకి ముందు సర్వరు హార్డ్ డిస్కు పోయింది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజునే, పదకొండు గంటలకి, యూనివర్సిటీ కమిటీ వస్తోంది. కంప్యూటర్ డిగ్రీ కోర్సుకి అనుమతి కొనసాగించాలా వద్దా అని చూడటానికి. కొత్త హార్డ్ డిస్కు విజయవాడ నుంచి మహర్నవమి పొద్దున వచ్చింది. మా ఆయన దాన్ని బిగించేసి, అప్పటికప్పుడే లినక్స్ కూడా వేసేద్దామని దాని సీడీ డిస్కుల పెట్టె బయటికి తీశారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోకొచ్చారు.

"ఇవాళ ఆయుధపూజ కదండీ. అన్నీ పూజలో పెట్టేశాం."

"అరగంట పని సార్. చేసేసి పెడతా."

"వద్దండీ. పూజలో పెట్టిన పనిముట్టు పండగ దాటాకే ముట్టాలి. సుత్తయినా అంతే, సర్వరయినా అంతే. మా నాన్నగారు కంసాలి పని చేసేవారు, నాకు తెలుసు కదా."

ఆ మాటకి ఎదురు చెప్పలేం. అటెండరు రత్తయ్య గిన్నెలో గంధం, పళ్ళెంలో కుంకుమ పట్టుకుని తయారుగా ఉన్నాడు. దగ్గర్లోని కీసర నుంచి రోజూ సైకిలు మీద వచ్చే మనిషి. భక్తిలో లోటు చేసే రకం కాదు. మానిటర్లకి, కీబోర్డులకి, స్విచ్ బోర్డుకి, మంటలార్పే ఎర్ర డబ్బాకి కూడా బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాడు. మాకు బస్సు వేళయింది. డిస్కుల పెట్టె సర్వరు బల్ల మీదే వదిలేసి వచ్చేశాం.

తెరిచే రోజున పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాం. చిల్లకల్లు దాటేవరకూ ఆయన వేళ్ళు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. ఎనిమిదింటికి ల్యాబులో అడుగు పెట్టేసరికి ప్రిన్సిపాల్ గారూ కమలాకుమారి గారూ ముందే వచ్చి ఉన్నారు. నేను అలవాటు ప్రకారం సర్వరు పక్క కుర్చీ లాక్కున్నాను.

"మీరు కాస్త బయట కూర్చోండమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఇవాళ స్టూడెంట్లెవరినీ ల్యాబులోకి రానీయడం లేదు. మీ ఒక్కరికీ వేరే రూలు పెడితే బాగుండదు."

"ఆవిడుంటే నాకు సాయం సార్," అన్నారు మా ఆయన.

"భలేవారండీ. మీరు కళ్ళు మూసుకుని చేసే పని, దీనికి సాయమెందుకు?"

కమలాకుమారి గారు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను కుర్చీ మళ్ళీ బల్ల కిందికి తోసి, వరండాలోకొచ్చి, సర్వరుకి ఎదురుగా ఉన్న కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అక్కణ్ణుంచి తెర కనపడుతుంది. కానీ నేను నోరు విప్పడానికి లేదు.

ఆయన చేత్తో తడుముకుంటున్నట్టు తెలియకుండా పెట్టె తెరిచి, పైనున్న డిస్కుని తీసి, ట్రేలో పెట్టి లోపలికి తోశారు. నాలుగు డిస్కులుంటాయి గాని మినిమల్‌కి మొదటిదొక్కటే చాలు. తెర వెలిగింది. డిస్కు బాగుందో లేదో పరీక్ష చేసుకుంటావా అని అడిగింది. ట్యాబ్, ఎంటర్, వద్దు. పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. ఎవరూ పక్కన లేకుండా ఆ పది నిమిషాలు తెర ముందు ఏం చేస్తూ కూర్చోవాలో తెలియక ఆయన ఎప్పుడూ వద్దనే కొడతారు. భాష. ఎంటర్. కీబోర్డు. ఎంటర్. హార్డ్ డిస్కులో ఉన్నదంతా చెరిపేయనా అంది. ట్యాబ్, ఎంటర్. కలకత్తా. ఎంటర్. వేళ్ళు ఎక్కడా ఆగలేదు. ఆయన మొహం తెరకేసే ఉంది, కళ్ళు కూడా. తెలియని వాళ్ళకి చదువుతున్నట్టే ఉంటుంది. ఏం ఎక్కించాలో అడిగే జాబితా వచ్చింది, దాని చిట్టచివర మినిమల్. కింది బాణం నొక్కుతూ ఆయన పెదాలు కదపకుండా లెక్కపెడుతున్నారు, నేను ఊచల వెనక లెక్కపెడుతున్నాను. ఇద్దరం ఒకే అంకె దగ్గర ఆగాం. స్పేస్. ట్యాబ్, ఎంటర్.

ఎక్కడం మొదలైంది. ప్రిన్సిపాల్ గారు వెనక చేతులు కట్టుకుని, "అదీ!" అన్నారు. నేను ఊచలు వదిలాను.

సగం దాటాక డ్రైవు గొంతు మారింది. సాఫీగా తిరుగుతున్నది కాస్తా ఆగి, గునిసి, మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆగింది. మా ఆయన తల కొంచెం పక్కకి వంచి విన్నారు. తెర మధ్యన ఒక పెట్టె లేచింది. ఆయనకి అది కనపడలేదు, ఎంటర్ కొట్టారు. మళ్ళీ అదే పెట్టె.

"ఏమిటండీ, 'బ్యాడ్ మీడియా' అంటోంది?" ప్రిన్సిపాల్ గారు ముందుకి వంగి చదివారు.

"అదే చూస్తున్నా సార్. డిస్కు చదవలేకపోతోంది."

మెషీను ఆపి, మళ్ళీ వెలిగించి, ట్రే బయటికి రప్పించారు. డిస్కుని అంచులు పట్టుకుని తీశారు. మెరిసే వైపు వేలు తగలకూడదని, తగిలితే మరక పడుతుందని ఏళ్ళ తరబడి పిల్లలకి నేర్పింది ఆయనే. ఆ జాగ్రత్తతోనే రెండు అరచేతుల మధ్య దాన్ని నిలబెట్టి, మెరిసే వైపు తన వైపుకి తిప్పుకుని, ట్యూబులైటు కిందికి ఎత్తి, ఇటూ అటూ వాలుగా పట్టుకుని చూశారు. ప్రిన్సిపాల్ గారు ఆయన భుజం వెనకే ఉన్నారు. కమలాకుమారి గారు పక్కన. నేను కిటికీ దగ్గర.

డిస్కు మీద చింతగింజంత గంధం బొట్టు ఉంది. దాని నడుమ కుంకుమ. ఎండిపోయి, కాస్త పగిలి, ఎర్రగా ఉంది.

"డిస్కు బాగానే ఉంది సార్," అన్నారు మా ఆయన. "మచ్చ కూడా లేదు."

ప్రిన్సిపాల్ గారు డిస్కునీ ఆయన్నీ మార్చి మార్చి చూశారు.

ఆయన దాన్ని మరికాస్త దగ్గరికి తెచ్చుకుని చూశారు. "గీతలు కూడా లేవు. డ్రైవులోనే ఏదో..." అని ఆగిపోయారు. చుట్టూ ముగ్గురు ఊపిరి పీల్చాల్సిన చోట ఒక్కరూ పీల్చడం లేదని ఆయనకి తెలిసిపోయింది. చెవులు బాగా పనిచేస్తాయి ఆయనకి.

డిస్కు కిందికి దించారు. కిటికీ వైపు తిరిగారు. నేను అక్కడ ఉంటానని ఆయనకి తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు.

"వల్లీ, దీని మీద ఏముంది?"

ఏడాదిన్నరగా పదిమందిలో ఆయన నన్ను అలా అడగలేదు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వ్యవధి దొరికింది. ఏమీ లేదనొచ్చు, ఆయన మాటకి నా మాట తోడవుతుంది. కానీ బొట్టు అందరి ఎదుటా ఉంది.

"గంధం బొట్టండీ. కుంకుమ కూడా పెట్టారు."

"ఏ వైపు?"

"మెరిసే వైపు."

"ఎంత?"

"చింతగింజంత."

ఆయన తలూపారు. డిస్కుని మెల్లిగా బల్ల మీద, బొట్టు పైకి ఉండేట్టు పెట్టారు. తర్వాత లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి నిలబడ్డారు గాని కొంచెం పక్కకి, గోడ వైపు. అలా తిరిగితేనే ఎదుటి మనిషి ఆయన చూపు అంచులోకి వస్తాడు.

"ఎప్పట్నుంచి ఉమాకాంతం గారూ?"

"పోయినేడాది వేసవి నుంచి సార్. మధ్యలో కనపడదు. అక్షరాలు అసలే కనపడవు."

"పోయినేడాది వేసవి నుంచి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. కోపంగా కాదు. రెండు బ్యాచులు, నాలుగు పరీక్షలు, వెయ్యి జవాబు పత్రాలు ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయని నాకర్థమైంది. నేను లోపలికి వచ్చేశాను. రూలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కమలాకుమారి గారు నన్నే చూస్తున్నారు. "అందుకా మేడమ్ మీరు పైకి..." అని, పూర్తి చేయలేదు.

"పదమూడో ఎక్కం నిజంగానే రాదు లెండి," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వించాలని లేదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది, అంతే.

గుమ్మంలోంచి రత్తయ్య గొంతు వినపడింది. చీపురు చేతిలోనే ఉంది.

"నేనే పెట్టానండయ్యా. పెట్టెలో పైనున్న బిళ్ళ అద్దంలా మెరుస్తుంటే అమ్మోరి మొహంలా అనిపిచ్చింది. రాతలున్న ఇటేపు పెడితే ఎనకేపు పెట్టినట్టు ఉంటదని..."

"నీ సంగతి తర్వాత చూస్తా, పో," అన్నారు ప్రిన్సిపాల్ గారు. తర్వాత గడియారం చూశారు. తొమ్మిది కావస్తోంది. "విజయవాడ నుంచి ఎవరినన్నా పిలిపిస్తా."

"వాళ్ళొచ్చేసరికి పదకొండవుతుంది సార్," అన్నారు మా ఆయన. "నాకు ముప్పావుగంట చాలు. మీకు నా మీద నమ్మకముంటేనే. ఆవిడ చదువుతుంది, నేను చేస్తా."

ప్రిన్సిపాల్ గారు బల్ల కింద ఉన్న కుర్చీ నా వైపు లాగారు. "కానివ్వండి," అన్నారు.

బొట్టు తుడవడం నా వంతు. కుండలో మంచినీళ్ళు చేతిమీద పోసుకుని, పాత నూలు చీర కొంగు తడిపి, బొట్టు నాననిచ్చాను. గుండ్రంగా రుద్దకూడదు, మధ్యలోంచి అంచుకి తిన్నగా లాగాలి అని ఆయన పక్కనుంచి చెబుతూనే ఉన్నారు. కుంకుమ ముందు పోయింది, గంధం తర్వాత. ఎంత జాగ్రత్తగా తుడిచినా పూజ చేసినదాన్ని చెరుపుతున్నట్టే అనిపించింది. మనసులో అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. అక్కడే ప్రిన్సిపాల్ గారి పెదాలు కూడా కదలడం చూశాను.

డిస్కు లోపలికి వెళ్ళింది.

"డిస్కు పరీక్ష చేయనా అని అడుగుతోంది," చదివాను.

"చేయమను. ఇవాళ తొందరేం లేదు," అన్నారు ఆయన. కమిటీ రెండు గంటల దూరంలో ఉండగా ఆ మాట అనగలిగిన మనిషి ఆయనొక్కడే.

పది నిమిషాలు అందరం ఒక గీత కుడివైపుకి పాకడం చూస్తూ నిలబడ్డాం. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఏడాదిన్నరలో తెర ముందు ఆయన కళ్ళు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. ఎవరి కోసమూ తెరిచి ఉంచక్కర్లేదు కదా. మొహంలో ఎక్కడో బిగించి ఉంచిన ముడి వదులైనట్టు కనపడింది. ఆ ముడి అక్కడ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కలోనే పడుకునే మనిషిని, నాకు తెలియలేదు.

"పాస్," చదివాను.

తర్వాత ఒక్కో తెరా వస్తుంటే నేను చదివాను, ఆయన కొట్టారు. ఈసారి నా గొంతు రెండో తరగతి పిల్ల గొంతులా లేదు. మామూలుగా చదివాను, మనిషికి మనిషి చెప్పినట్టు. ఒకచోట ఆయన చెయ్యి ఒక బాణం ఎక్కువ నొక్కితే "ఒకటి పైకి" అన్నాను, ఆయన వెనక్కి వచ్చారు. ఎక్కడం మొదలై, సగం దాటి, డ్రైవు గునిసిన చోటుకి వచ్చింది. కమలాకుమారి గారు నా కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డారు, ఆవిడ వేళ్ళు నా జడకి తగులుతున్నాయి. డ్రైవు సాఫీగానే పోయింది.

మెషీను ఆగి, మళ్ళీ వెలిగింది. వరసలు వరసలుగా తెల్లటి అక్షరాలు పరుగెత్తి, చివరికి ఖాళీగా నిలబడింది. పేరు అడిగింది. ఆయన కొట్టారు. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతున్నారు. తెర మీద ఏమీ పడలేదు, చుక్క కూడా.

"అయ్యో, కీబోర్డు పోయినట్టుంది!" ప్రిన్సిపాల్ గారు కంగారుగా ముందుకొచ్చారు. "ఏమీ కనపడటం లేదండీ!"

"ఇక్కడ ఎవరికీ కనపడదు సార్," అన్నారు మా ఆయన. చేతులు ఆగలేదు. "అది చూపించదు. కొట్టింది సరైనదేనని మన చేతిని మనం నమ్ముకోవడమే."

ఎంటర్ కొట్టారు. సర్వరు లోపలికి రానిచ్చింది.

 ప్రిన్సిపాల్ గారు వెళ్ళేటప్పుడు కుర్చీ వెనక ఆగి, ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి, మళ్ళీ తీసేసుకుని వెళ్ళిపోయారు.

కమిటీ పదకొండున్నరకి వచ్చింది. ముగ్గురు. ముప్పై మెషీన్లూ వెలగడం చూశారు, ఇద్దరు పిల్లల్ని ప్రశ్నలడిగారు. ఒకాయన సర్వరు దగ్గర ఆగి, నల్లటి తెర మీద మిణుకుమంటున్న ఒక్క గీతని చూసి, "ఇందులో ఏమీ లేదేమిటండీ?" అన్నారు. "అవసరమైనదంతా ఉందండీ," అన్నారు మా ఆయన, గోడకేసి చూస్తూ. ఆ కమిటీ ఆయన తృప్తిపడి టిఫిన్ల గదికి వెళ్ళారు. అనుమతికి అడ్డు లేదని మధ్యాహ్నం వాళ్ళే చెప్పి వెళ్ళారు.

నాలుగింటికి ప్రిన్సిపాల్ గారి గదిలోకి మమ్మల్నిద్దరినీ పిలిచారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది.

"నేను చెడ్డవాణ్ణి కాదు ఉమాకాంతం గారూ," అన్నారు. "పొద్దున మీరే లేకపోతే కోర్సు పోయేది, నాకు తెలుసు. కానీ రేపు ఇది ఎవరి ద్వారానో మేనేజ్‌మెంటుకి తెలిస్తే నన్నడుగుతారు. ఈ ఏడాది క్లాసులు మీవే, ఏప్రిల్ దాకా ఎవరూ మిమ్మల్ని కదపకుండా నేను చూసుకుంటా. ల్యాబు మాత్రం రేపట్నుంచి కమలాకుమారి గారికి ఇవ్వాలి. మీ అంతట మీరు వదులుకున్నట్టు ఒక ఉత్తరం కావాలి."

"ఏప్రిల్ తర్వాత?" అడిగాను నేను.

"తర్వాత సంగతి ఇప్పుడు నేను చెప్పలేనమ్మా. చెబితే అబద్ధమవుతుంది."

మా ఆయన చెయ్యి చాపారు. ప్రిన్సిపాల్ గారు కాగితం ఆయనకి ఇవ్వబోయి, ఆగి, నాకిచ్చారు.

"చదువు వల్లీ."

ఇంగ్లీషులో ఐదు పంక్తులు. మొదటి మూడూ మామూలువే, తేదీ, హోదా, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారో. నాలుగో పంక్తి దగ్గర నా కళ్ళు ముందే పరుగెత్తి చూసొచ్చాయి. అక్కడ ఒక మాట ఉంది. దాన్ని దాటేసి చదివినా ఆయనకి తెలియదు. సంతకం పెడతారు, కాగితం బీరువాలోకి పోతుంది, ఇంటికెళ్ళి అన్నం తింటాం. ప్రిన్సిపాల్ గారు కూడా నా నోటి వంక చూస్తున్నారు. ఆ మాట దగ్గర నేను తడబడినా ఆయన పట్టించుకోరని కూడా అర్థమైంది. అంత మంచితనం ఆయనలో ఉంది.

ఉన్నది ఉన్నట్టే చదివాను. "ప్రయోగశాల బాధ్యతలకి నేను అన్‌ఫిట్ అయినందున, స్వచ్ఛందంగా..."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఆ మాటతో సహా.

 బయట పిల్లలు సైకిళ్ళ తాళాలు తీసుకుంటున్న చప్పుడు.

"సార్, అన్‌ఫిట్ అన్నది కొట్టెయ్యండి," అన్నారు.

"అది మామూలుగా వాడే మాటేనండీ. అలాంటి ఉత్తరాల్లో అలాగే రాస్తారు."

"కావచ్చు. పొద్దున సర్వరు పైకి లేపింది నేనే కదా సార్. కళ్ళు కనపడవు అని రాయండి. అది నిజం, సంతకం పెడతా. చేతకాదు అన్నది నిజం కాదు, దానికి పెట్టను. ఏప్రిల్ దాకా కాదు, రేపే పొమ్మన్నా పెట్టను."

ఏడాదిన్నరగా కళ్ళు కనపడవన్న మాట ఎవరి చెవినా పడకుండా మేం చేయని గారడీ లేదు. ఇప్పుడు ఆ మాటే కాగితం మీద ఉండాలని పట్టుబట్టి కూర్చున్నారు. నేను ఆయన వైపు చూడలేదు, చూస్తే ప్రిన్సిపాల్ గారి ముందు బాగుండదు.

వరప్రసాదరావు గారు కలం మూత తీశారు. ఆ మాట మీద గీత గీసి, పైన సన్నగా మరో నాలుగు మాటలు రాసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టి, కాగితం నా ముందుకి జరిపారు. నేను చదివాను. ఈసారి అక్కడ 'నాకు కళ్ళు కనపడనందున' అని ఉంది.

ఆయన వేలు పట్టుకుని సంతకం పెట్టాల్సిన చోట ఆనించాను. వేలు పక్కనే కలం ఆనించి, ఎప్పటిలాగే, పేరు చివర మెలిక తిప్పి మరీ పెట్టారు. సంతకం గీత మీద నిలబడక కొంచెం పైకి ఎగబాకింది. నేనేమీ అనలేదు. ప్రిన్సిపాల్ గారు కాగితం ఊది, తడి ఆరాక ఫైలులో పెట్టుకున్నారు.